కాఫీపొడి రంగు

మా మైలవరం చర్చిలో క్రిస్మస్‌కి స్త్రీల క్వయర్ అంతా ఒకే రకం చీర కడుతుంది. పదకొండేళ్లుగా అది కాఫీపొడి రంగే. ఒక ఏడు పాలు ఎక్కువైన కాఫీ, ఒక ఏడు తక్కువైన కాఫీ, అంతే తేడా. ఎంపిక పద్మావతమ్మ పిన్నిగారిది, వెక్కిరింపు నాది. ఈసారి పాస్టరమ్మగారు నవ్వుతూ, "ఎలిజబెత్, ఈ ఏడు రంగు నువ్వే చూడు. పిన్నిగారు తోడొస్తారు" అనేశారు. ముప్పై ఆరు మంది ఆడవాళ్లకి నచ్చే ఒక్క చీర! నచ్చకపోతే వచ్చే క్రిస్మస్ దాకా నన్ను వాయించేస్తారు.

అయినా చీరలకి బయలుదేరిన రోజు నా కాళ్లు నేల మీద లేవు. విజయవాడలో బస్సు దిగి బీసెంట్ రోడ్డుకి వెళ్లేసరికి ఇంకా షట్టర్లు ఎత్తుతున్నారు. క్లిప్పులు, గాజులు, చెప్పులు, పిల్లల గౌన్లు... ప్రతి బండి దగ్గరా ఆగాను. పిన్నిగారు కసురుకుంటారనుకుంటే, ఆవిడే ఒకచోట ఎర్రరాయి చెవిపోగులు చెవి దగ్గర పెట్టుకుని అద్దం అడిగారు. చూసుకుని తిరిగి పెట్టేశారు. వేడి పునుగులు అల్లం చట్నీతో తిని, ఆటో ఎక్కి వన్‌టౌన్‌లో బట్టల బజారుకి చేరాం.

అక్కడ పిన్నిగారి పనితనం చూసి నాకు మతిపోయింది. షాపులో కూర్చున్న పరాయి ఆడవాళ్లనే లేపేస్తున్నారు.

"అమ్మా, కాస్త నిలబడండి. మా క్వయర్లో ఏంజెల్ అచ్చం మీ రంగే" అంటూ ఒకావిడ భుజం మీద చీర వేశారు. "ఇదిగో, ఈవిడ మన సుధామణి ఎత్తు. ఎలా ఉందే?"

ఎవరూ కోప్పడలేదు. పైగా వాళ్లకీ సరదా పుట్టి, నా మీద వేయండంటే నా మీద వేయండన్నారు. చామనఛాయ, తెలుపు, లావు, సన్నం... గంటలో మా క్వయర్ సగం ఆ షాపులోనే నిలబడింది. నాకు పాటొక్కటే తక్కువనిపించింది.

అప్పుడు కనిపించింది, దానిమ్మ గింజ రంగు చీర, సన్నటి జరీ అంచుతో. ఎవరి మీద వేసినా మొహం వెలిగిపోయింది.

"ఇదే పిన్నిగారూ! ఖాయం!" అని కేక పెట్టాను.

పిన్నిగారు మాత్రం చీర మడతపెట్టసాగారు. "బాగుందమ్మా. కానీ మనలో భర్త పోయినవాళ్లు ఐదుగురం ఉన్నాం. ఎరుపు తెస్తే బుల్లెమ్మ వాళ్లు కట్టలేక వెనక బెంచీలో కూర్చుంటారు. అందరం కట్టే రంగైతేనే అందరం ఒకే వరసలో నిలబడతాం."

బాబాయిగారు పోయి పదకొండేళ్లు. ఆ లెక్క నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు. నా వెక్కిరింపులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. కాఫీపొడి రంగు తీయమని షాపాయనకి చెప్పాను కూడా. కానీ ఆ ఎరుపు మీంచి నా కళ్లు రావే! ఉండబట్టలేక బుల్లెమ్మ మామ్మకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను.

"వందనాలు మామ్మా. ఎర్రచీర తెస్తే కట్టుకుంటావా?"

"ఎరుపా?" అంది మామ్మ. "తెచ్చెయ్యవే తల్లీ! ఆ కాఫీరంగు కట్టీ కట్టీ మా నలుగురికీ విసుగొచ్చింది. పద్మావతమ్మ మనసు కష్టపడుద్దని ఊరుకున్నాం. ఆవిడతో అనబాకే!"

ఫోన్ పెట్టేశాక పిన్నిగారి వైపు చూడటానికి భయమేసింది. తీరా చూస్తే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు, కళ్లు తుడుచుకుంటూ.

"నేను వాళ్ల కోసం, వాళ్లు నా కోసం... పదకొండేళ్లే!"

"ముప్పై ఆరు కట్టండి, ఎరుపే" అన్నాను షాపాయనతో. సంతోషం పట్టలేక అక్కడే గంతేశాను.

పొద్దుట్నుంచీ ఊరందరి మీదా చీరలు వేసిన పిన్నిగారు, మొదటిసారి ఒకటి తన భుజం మీద వేసుకుని అద్దం ముందుకి వెళ్లారు.

"జరగవే అమ్మాయ్" అన్నారు, "వెలుతురుకి అడ్డొస్తున్నావు."