మోటబావిలో రేడియో

అమావాస్య నాడు కేతేపల్లి చేలల్లో నాగలి కదలదు, మోటారు మోగదు. ఆ రోజు పొలాల వైపు పోయేది ఇద్దరే. ఒకరు మేకల ఈదమ్మ. మేకల ఆకలికి తిథులు పట్టవు. రెండోవారు రిటైరైన సైన్సు మాస్టారు గుర్వయ్య. మోటార్లన్నీ ఆగిన రోజున బావినీరు కదలక నిలుస్తుంది, కొలత సరిగ్గా వస్తుంది. పదకొండేళ్లుగా ప్రతి అమావాస్యకూ ఆయన తన మోటబావి నీటిమట్టం కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఊరి నమ్మకాన్ని ఒప్పుకోడు గానీ, అది ఇచ్చే నిశ్చలతను మాత్రం వాడుకుంటాడు.

చైత్రమాసపు అమావాస్య ఉదయం, రాయి కట్టిన తాడును బావిలోకి వదలబోతుండగా గట్టురాయి ఆయన కాలి కింద నుంచి జారింది.

ముప్పై అడుగుల లోతు. అడుగున మోకాలిలోతు బురదనీళ్లు ఉండబట్టి ప్రాణం నిలిచింది. కుడి చీలమండ విరిగింది. పక్కటెముకల్లోనూ ఏదో విరిగినట్టుంది; అరవబోతే మూలుగు తప్ప మాట పైకి రాలేదు. ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. భార్య అరుణమ్మ తిరుమలగిరిలో తమ్ముడింటికి పోయింది, రేపు సాయంత్రానికి గాని రాదు. అంతకంతకూ కురచవుతున్న ఊపిరితో రేపు సాయంత్రం దాకా ఉండగలనా అని గుర్వయ్య లెక్క వేసుకున్నాడు. లెక్క ఆయనకు అనుకూలంగా రాలేదు.

భుజానికున్న సంచిలో ట్రాన్సిస్టరు మాత్రం పగలలేదు. సాయంత్రం దాకా చేలోనే ఉండాలనుకున్నాడు, నాలుగు గంటలకు రేడియోలో తన ప్రసంగం ఉందని వెంట తెచ్చుకున్నాడు. 'తిథులు, భయాలు' అన్న ఆ ప్రసంగాన్ని నెల కిందట రేడియో స్టేషనుకు పోయి రికార్డు చేసి వచ్చాడు. మీట తిప్పితే గరగరల నడుమ ఢిల్లీ వార్తలు వచ్చాయి. తర్వాత ఆ రోజు కార్యక్రమాల వివరాలు చదివారు: పదకొండింటికి ఆరోగ్య సలహాలు, పన్నెండున్నరకు నాటకం, నాలుగింటికి విజ్ఞాన ప్రసంగం, ఆరుంబావుకు రైతుల కోసం మేకల పెంపకం.

చేతికి గడియారం లేదు. అందుకని ఒక్కో కార్యక్రమం మొదలైనప్పుడు బావిగోడ మీద ఎండ ఎక్కడిదాకా దిగిందో రాతిముక్కతో గీత గీసుకున్నాడు. ఆరోగ్య సలహాల్లో ఒక డాక్టరు, పెద్దవయసువారు రోజూ నలభై నిమిషాలు నడవాలని గట్టిగా చెప్పాడు. గుర్వయ్యకు నవ్వొచ్చింది. నవ్వితే పక్కటెముక పొడిచింది.

మిట్టమధ్యాహ్నం మేకల మెడగంటలు వినిపించాయి. రేడియోను రెండు చేతులతో పైకెత్తి మీటను చివరిదాకా తిప్పాడు. గుండ్రటి రాతిగోడల మధ్య ఆ శబ్దం రెండింతలై పైకి లేచింది.

"నన్ను ఒక్కదాన్నే వదిలి పోతావా!" అంటూ నాటకంలో ఎవరో ఆడమనిషి వెక్కివెక్కి ఏడుస్తోంది.

గట్టు మీద ఈదమ్మ కేక వినబడింది. "అయ్యో నా తల్లో! బాయిల ఆడమనిషి ఏడుస్తాందిరో!"

గంటలన్నీ ఒక్కసారి చెదిరి దూరమయ్యాయి. ఆ బావిలో ఎప్పుడో ఒక ఆడమనిషి పడి చనిపోయిందని ఊళ్లో ఒక పాత మాట ఉంది. గుర్వయ్యకు అది గుర్తొచ్చేసరికి ఆలస్యమైంది. అమావాస్య, మిట్టమధ్యాహ్నం, పాతబావి, ఏడుపు. దయ్యానికి కావలసిన సరంజామా అంతా తన చేతులతోనే అమర్చి పెట్టాడు.

రేడియో గొంతు సన్నబడింది. బ్యాటరీలు ఇంకొక్క కార్యక్రమానికి మించి ఆగవు. ఆయన రేడియో కట్టేశాడు.

నీడ నాలుగు గంటల చోటికి వచ్చిందనిపించినప్పుడు బొటనవేలు దానంతట అదే మీట మీదికి పోయింది. తన గొంతు ఇప్పుడు గాలిలో ఊరూరా తిరుగుతోంది. తాను మాత్రం బావిలో ఉన్నాడు. రెండే రెండు నిమిషాలు విందామనిపించింది. ఆ రెండు నిమిషాలూ సాయంత్రానికి దాచిన బ్యాటరీలోంచి కోసి తీసుకోవలసినవే. వేలు వెనక్కి తీసుకున్నాడు.

మేకలు ఇంటికి మళ్లాలంటే ఈ గట్టు పక్క బాట ఒక్కటే దారి. భయపడైనా ఈదమ్మ ఇటే రావాలి. ఎండ గోడను వదిలి పైకి పోయింది. గంటలు వినబడ్డాయి. ఈసారి తోడు పిలిపించుకున్నట్టుంది, ఆమె గొంతుతో పాటు భర్త పెద్దులు గొంతూ వినబడింది. గుర్వయ్య మీట తిప్పాడు.

"... వానలు పడకముందే మేకలకు కడుపులో పురుగులు పోయేందుకు నట్టల మందు తాగించాలి. చూడి మేకలకైతే..."

పైన అడుగులు ఆగాయి.

"ఇన్నవా? చెప్పిన్నా లేదా? మల్ల మాట్లాడుతాంది!" అంది ఈదమ్మ.

"గిదేం దయ్యమే? మేకల మందు సంగతి దయ్యానికెందుకు?"

"జర సప్పుడు జెయ్యకయ్యా! సూడి మేకలకు ఎంత తాపాల్నో చెప్తాంది, ఇననియ్యి."

సరిగ్గా అక్కడే రేడియో మూగబోయింది. పైన ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. గుర్వయ్య రాతిముక్కతో గోడను మూడుసార్లు కొట్టి, మిగిలిన ఊపిరంతా కూడదీసి, "ఈదమ్మా" అన్నాడు.

"ఓ, సారు గొంతే!" అన్నాడు పెద్దులు. "నువ్వీడనే ఉండు, నేను మంచం, మోకులు తెస్త!"

పదిమంది కలిసి నులకమంచానికి మోకులు కట్టి ఆయనను పైకి లాగేసరికి మసక చీకటి పడింది. ఈదమ్మ ఆయన నోట్లో నీళ్లు పోస్తూ, "అమాస నాడు బాయికాడికి పోవద్దంటే ఇంటివా సారూ?" అంది.

రాయి జారడానికీ చంద్రుడికీ సంబంధం లేదని చెప్పబోయాడు గుర్వయ్య. కానీ మరే రోజైనా చుట్టుపక్కల చేలల్లో ఇరవై మంది ఉండేవారు, ఆ మూలుగైనా ఎవరికో ఒకరికి వినబడేది.

"సగం నిజమే ఈదమ్మా," అన్నాడు.

ఆమెకు ఆ జవాబు పట్టలేదు. మంచానికి కట్టిన మోకు విప్పి చేతికి చుట్టుకుంటూ బావి వైపు చూసింది.

"గా ఆడామె ఇంక లోపల్నే ఉన్నదా సారూ? మద్యాన్నం నుంచి ఏడ్సి ఏడ్సి ఎట్లున్నదో ఏమో."

గుర్వయ్య ఊపిరి కూడదీసుకొని బదులు చెప్పేలోపే, మధ్యాహ్నం ఆ ఏడుపు విని పారిపోయిన మనిషే గట్టు మీద మోకాళ్లూని, మోకు లోపలికి వదులుతూ, "అమ్మా, దొరకవట్టుకో, మేమున్నం" అని పిలుస్తోంది.