నీలం టేపు చుట్టిన చెయ్యి

రెండు వేల నాలుగులో, ఆదివారం వస్తే ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో అచ్యుత్‌కి ఉండే పనులు రెండే. ఇడ్లీ తినడం, అమెరికన్ ఫుట్‌బాల్‌కి పోవడం. వారమంతా కంప్యూటర్ ముందు నడుం పట్టేసిన మనిషికి, ఆ కోలబంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తడం ప్రాణానికి హాయిగా ఉండేది.

ఆట జరిగే ఊరి కౌన్సిల్ మైదానంలో బంతి పట్టినవాడి కాళ్లని గడ్డిలోంచి చేతులు లేచి పట్టుకుంటాయి. మిగతావాళ్ల జోలికి రావు. అందుకే కోచ్ కీత్‌ది ఎప్పుడూ ఒకటే పాట: "మోకాళ్లు పైకెత్తు. బంతిని పక్కటెముకలకి అదుముకో. ఏది తగిలినా కాళ్లు ఆపకు, ముందుకే పో." వానొస్తే బురదవుతుందని చెప్పినంత మామూలుగా చెప్పేవాడు.

కిందటేడు అదే టీమ్‌లో ఆడే శాంత ఆంటీ కొడుకు అనిరుధ్ మోకాళ్లు ఎత్తడం మరిచాడు. గడ్డి మీద బూట్లు మాత్రం మిగిలాయి. కౌన్సిల్ వాళ్లు వాటి చుట్టూ జాగ్రత్తగా గడ్డి కత్తిరిస్తారు. ఆంటీ ప్రతి మ్యాచ్‌కీ ఫ్లాస్కులో టీ పోసుకొచ్చి, గీత పక్కన మడత కుర్చీ వేసుక్కూర్చుంటుంది.

అచ్యుత్‌ది ఇంకో జబ్బు. తెనాలి కాలేజీలో కబడ్డీ ఆడినవాడు. ఎవరైనా పట్టుకుంటే చాలు, ఒళ్లు దానంతటదే వెనక్కి, తన గీత వైపు తిరిగిపోతుంది. అలా ఎన్ని మ్యాచ్‌లు పోగొట్టాడో!

"ఇంకోసారి వెనక్కి తిరిగావంటే టీమ్‌లో ఉండవు," అన్నాడు కీత్ ఓ ఆదివారం మ్యాచ్‌కి ముందు. అచ్యుత్‌కి దిగులేసింది. ఈ ఊళ్లో అతని భుజం తట్టి పలకరించేది ఆ టీమ్ వాళ్లే.

ఆంటీ టీ అందించింది. "బాబూ, నీలం టేపు చుట్టిన చెయ్యి తగిలితే తన్నకయ్యా. మావాడికి మణికట్టు బెణికిందంటే నేనే చుట్టాను."

"తన్నను ఆంటీ."

"అందరూ విదిలించుకుని ముందుకే పోతున్నారు."

ఆట చివర్లో బంతి అచ్యుత్‌కి అందింది. తల వంచి, మోకాళ్లెత్తి దూసుకుపోయాడు. చల్లటి వేళ్లు పిక్కల్ని తడిమి జారిపోతున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు. ఎదుటి గీత దాటితే గెలుపే. అప్పుడు చీలమండని ఒక చెయ్యి గట్టిగా పట్టుకుంది. చూస్తే నీలం టేపు.

"ముందుకు! ముందుకు!" కీత్ అరుస్తున్నాడు.

అచ్యుత్ ఒళ్లు వెనక్కి తిరిగింది. ఈసారి అతనూ ఆపలేదు. ఊపిరి బిగబట్టి, "కబడ్డీ, కబడ్డీ" అని గొణుగుతూ, పట్టినవాణ్ణి ఈడ్చుకుంటూ తన గీత వైపు అడుగేశాడు. బంతి జారిపోయింది. ఎదుటివాళ్లు దాన్ని ఎత్తుకుపోయారు. ఆట పోయింది. అచ్యుత్ మాత్రం కాళ్లు ఆపలేదు. వెనకాల నేల చిరుగుతున్న చప్పుడు. మోచెయ్యి వచ్చింది, భుజం వచ్చింది, మట్టి నిండిన జుట్టు వచ్చింది.

అనిరుధ్ నోట్లోని గడ్డి ఉమ్మేశాడు. "మమ్, డిడ్ వీ విన్?"

"ఓడిపోయాంరా నాన్నా," అంది ఆంటీ. బూట్లు గుండెకి హత్తుకుని ఏడుస్తోంది.

నడుందాకా వచ్చిన అనిరుధ్ ఇక కదల్లేదు. కింద వాడి కాలిని ఇంకెవరిదో చెయ్యి పట్టుకునుంది.

కీత్ పరిగెత్తుకొచ్చి, వంగి ఆ చేతిని చూశాడు. తర్వాత అచ్యుత్ నడుం చుట్టూ చేతులు వేసి బిగించాడు.

"వెనక్కి," అన్నాడు. "వెనక్కి లాగు, అచ్యుత్."