తడిసిన మ్యాట్

ఆ ఆదివారం తెల్లవారేసరికి వాన వెలిసింది. పడమట ఆకాశం కడిగినట్టుంది. తూర్పున ఒక మబ్బు మాత్రం కదలకుండా ఉండిపోయింది. గాలి ఉంది. నేను ముందు చూసింది ఆ గాలినే.

అమెరికాలో మా ప్లెయిన్స్‌బరో మైదానంలో పిచ్ మీద వేసే కొబ్బరిపీచు మ్యాట్ రాత్రంతా నానింది. వేయించింది రాజారావు గారు. పదేళ్లు తెలుగు టీవీ కార్యక్రమాలు తీసిన ప్రొడ్యూసర్. రెండేళ్ల కిందట, 2009లో, ఈ క్రికెట్ జట్టు కొన్నారు. సూర్యోదయంలో జట్టును షూట్ చేయాలని, సెట్ వేసినట్టు ముందురోజు సాయంత్రమే మ్యాట్ పరిపించి మేకులు కొట్టించారు. వాన వచ్చేలా ఉంది, చుట్టిపెడదామని చెప్పాను. నేను ఏదైనా ఒకసారే చెబుతాను. గ్రౌండ్ చూసుకునేవాడికి అంతకన్నా ఎందుకనుకున్నాను.

ఎనిమిదింటికి అంపైర్ భీమశంకరం గారు వచ్చి మ్యాట్ మీద అరచెయ్యి అదిమారు. వేళ్ల మధ్య నీళ్లు ఊరాయి. పన్నెండింటికి మళ్లీ చూస్తానని, ఆరకపోతే గ్రౌండ్ బాధ్యత మీదే కాబట్టి ఓటమి మీకే రాస్తానని నెమ్మదిగానే చెప్పి వెళ్లారు. ఓడితే సెమీఫైనల్ లేదు. మా జట్టు దాని దాకా రావడం అదే మొదలు.

రాజారావు గారు ఫోన్ తీసి, స్టూడియో నుంచి పెద్ద లైట్లు రెండు, జనరేటర్ ఒకటి పంపమంటున్నారు.

“లైట్లకి ఆరదండీ,” అన్నాను. “గాలికి ఆరుతుంది.”

ఆయన ఫోన్ దించారు.

“నిన్న ఇంత గట్టిగా చెప్పలేదేం, బాబాయ్?”

“చెప్పాల్సింది.”

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. “సరే. ఏం చేయాలో చెప్పు.”

మేకులు పీకించాను. పదిమందిమి పట్టినా మ్యాట్ లేవలేదు, ఈడ్చుకెళ్లాం. నేల మీద పరిస్తే కింద తడి కిందే ఉంటుంది. అందుకని గాలికి ఎదురుగా ఉన్న కంచె మీద వేలాడదీశాం. తర్వాత రాజారావు గారు మోకాళ్ల మీద కూర్చుని పిచ్ మట్టిని తువ్వాళ్లతో అద్దడం మొదలుపెట్టారు. తెల్ల ప్యాంటు తొడల దాకా బురదైంది.

కెమెరా పట్టుకున్న అనూప్ ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడు. ఆయన దగ్గరికొచ్చాడు. “అంకుల్, ఇది నైస్ షాట్. రోల్ చేయనా?”

“కెమెరా కార్‌లో పెట్టి ఆ తువ్వాలు పిండు,” అన్నారాయన.

పాత బ్యాట్లతో మ్యాట్‌ను బాదాం. పావుగంటకోసారి తిప్పి వేశాం. రాజారావు గారు బాదుతుంటే కెప్టెన్ రవికుమార్ ఊరుకోలేదు. “సార్, బ్యాట్ పట్టుకోవడం మీకూ వచ్చన్నమాట!” ఆయన నవ్వలేదు, ఆగలేదు కూడా. అరచేతులు బొబ్బలెక్కాక రుమాలు చుట్టుకున్నారు.

పదకొండున్నరకి మ్యాట్ మళ్లీ పరిచి మేకులు కొట్టాం. పన్నెండింటికి భీమశంకరం గారు వంగి, నాలుగు చోట్ల అదిమి చూశారు. అలవాటుగా చెయ్యి ప్యాంటుకు తుడుచుకోబోయి ఆగారు. తుడవడానికి ఏమీ లేదు.

“అరగంటలో టాస్,” అన్నారు.

మ్యాచ్ రోజుల్లో రాజారావు గారు భోజనం కార్‌లో ఏసీ వేసుకుని చేస్తారు. ఆ రోజు వచ్చి మాతోపాటు టార్పాలిన్ మీద కూర్చున్నారు. ఆయన భార్య సరోజ గారు పంపిన పులిహోర డబ్బా మధ్యలో పెట్టారు. రుమాలు విప్పి, ముందు నా పేపర్ ప్లేట్‌లో వడ్డించారు. అందరి చేతులూ పీచు వాసన వేస్తున్నాయి. తిన్నాం.