యాడికని అడగకూడదు

ఒకే ఆదివారం మూడు శుభకార్యాలు పడితే పిలిచినవాళ్ళకేం, సంబరమే. తిరిగేవాళ్ళ నడుముకే తెలుస్తుంది ఆ సంబరం బరువు. పొద్దున బిట్రగుంటలో అత్త తరఫు పెళ్ళి. మధ్యాహ్నం కొడవలూరులో మొగుడు పనిచేసే ఐసు ఫ్యాక్టరీ ఓనరు గృహప్రవేశం. సాయంత్రం వెంకటాచలంలో చెల్లెలి సీమంతం. మొదటి రెండింటికీ మహాలక్ష్మి పోకపోయినా ఎవరి కొంపా మునగదు. మూడోదానికి పోకపోతే ఆమె గుండె చెరువవుతుంది. వరసలో మాత్రం అదే ఆఖరిది. కోడలి పుట్టింటి పని ఏ ఇంట్లోనైనా ఆఖరిదే కదా!

దుర్గ పేరుకే చెల్లెలు. తల్లి పోయేనాటికి దానికింకా పాలపళ్ళు ఊడలేదు. తలకు నూనె రాసి జడ వేసిందీ, సముద్రపొడ్డున ఆడుతుంటే చెవి మెలేసి బడికి లాక్కుపోయిందీ, పెద్దమనిషి అయితే పక్కన కూర్చున్నదీ అన్నీ మహాలక్ష్మే. తీరా దాని పెళ్ళినాటికి తను చిట్టిని కని మంచం మీద ఉంది. పురిటి మైల అని పందిరి దరిదాపులకు రానివ్వలేదు. తల్లి స్థానంలో ఎవరో దూరపు మేనత్త నిలబడింది. తాళి కట్టడం ఫోనులో చూసి, పసిపిల్లాడికి పాలిస్తూ ఏడ్చింది మహాలక్ష్మి.

అందుకే ఈసారి వాళ్ళ నాయన చిన్నపోలయ్య ముందే ఫోన్ చేసి చెప్పాడు.

"తొలి గాజులు నీ చేత్తోనే తొడగాల మాలచ్చీ. పొద్దు కుంకకముందే దాన్ని గడప దాటించి మనింటికి తీసకపోవాల. దీపాలు పెట్టినాక ఆడబిడ్డని వాళ్ళు పంపరు. నువ్వు పెందలాడే రాయే."

ఆకుపచ్చవీ ఎర్రవీ కలిపి మట్టిగాజులు కొన్నది. కాగితాల్లో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని కారెక్కింది. కారు వాళ్ళది కాదు, మొగుడు ప్రసాద్ తన స్నేహితుడు పెంచల్ దగ్గర అడిగి తెచ్చాడు. ఏసీ ఉంది, చల్లదనమే లేదు. వెనక సీట్లో ఒక పక్క మహాలక్ష్మి, ఇంకో పక్క అత్త మస్తానమ్మ, మధ్యలో రెండేళ్ళ చిట్టి. వాడికి ఒక చేతిలో బిస్కత్తు, ఇంకో చేతిలో నాయనమ్మ కొంగు.

ప్రసాద్ తాళం తిప్పాడు. బండి గుర్రుమన్నది. చిట్టి మొహం వెలిగిపోయింది.

"యాలికీ?" అన్నాడు.

ఆ వారమే నేర్చుకున్నాడు 'యాడికి' అన్న మాట. పక్కింటివాళ్ళు ఎవరు గడప దాటినా, బండి ఏది కదిలినా, కోడి వాకిట్లోంచి పోయినా అదే. యాలికీ, యాలికీ. ఊళ్ళో అందరికీ ముద్దు, ఒక్క మస్తానమ్మకు తప్ప.

"ఆపరా పెసాదూ," అన్నది మస్తానమ్మ. "దిగండి."

బయల్దేరేవాళ్ళను యాడికని అడగకూడదు. తెలుసుకోవాలనుంటే "దూరమా?" అని అడగాలి. ఇది అందరికీ తెలిసిందే, చాలామంది నవ్వి వదిలేసేదే. తుమ్మలపెంటలో, అందులోనూ మస్తానమ్మ ఇంట్లో, వదిలెయ్యరు. అడిగినవాడు పసివాడైనా సరే, దిగాలి, ఇంట్లోకి పోయి కూర్చోవాలి, మంచినీళ్ళు తాగాలి, మళ్ళీ కొత్తగా బయల్దేరాలి.

దిగారు. కూర్చున్నారు. తాగారు. ఎక్కారు. ఈసారి తాళం తిప్పేముందు మహాలక్ష్మి చిట్టి నోట్లో ఇంకో బిస్కత్తు కుక్కింది.

బిట్రగుంట పెళ్ళిలో తాళి కట్టడం తొందరగానే అయింది. పెళ్ళికంటే పలకరింపులే ఎక్కువ. మస్తానమ్మ ఆ ఊరి ఆడపడుచు. రైల్వే కాలనీలో ఎవరి మనవరాలిని ఎవరికి ఇచ్చారో, ఎవరికి మోకాళ్ళ నొప్పులో, అన్నీ తెలుసుకోవాలి. మహాలక్ష్మి చిట్టి వెనక పరిగెత్తి పరిగెత్తి, వాడు అక్షింతలు తింటుంటే నోట్లో వేలు పెట్టి తీసి, ఎట్టాగో బంతిలో కూర్చోబెట్టి రెండు ముద్దలు పెట్టింది. తను తిన్నదో లేదో ఆమెకే గుర్తులేదు. కారెక్కించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

బండి కదిలింది.

"యాలికీ?"

"అత్తా, ఇప్పుడే ఎక్కినాం గదా," అన్నది మహాలక్ష్మి నీరసంగా. "కార్లోనే నీళ్ళు తాగుదాం."

"కార్లో తాగితే దిగినట్టు అవుద్దా? దిగు."

దిగి, పెళ్ళివారి అరుగు మీద కూర్చుని, తాగి, ఎక్కి, రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి కళ్ళ ముందే గేటు పడింది. గూడ్సు బండి. అది వచ్చిన తీరు చూస్తే దానికీ ఎవరో దిగి నీళ్ళు తాగి రమ్మని చెప్పినట్టుంది. మహాలక్ష్మి గాజుల సంచి మీద చెయ్యేసి పెట్టెలు పోతుంటే చూస్తూ కూర్చుంది. ఆ అరుగు మీద కూర్చోకపోతే ఈపాటికి గేటు దాటి ఉండేవాళ్ళు. ఆ మాట పైకి అనలేదు.

అనకపోవడానికి కారణం ఉంది. ప్రసాద్ పాలు తాగే పిల్లాడుగా ఉన్నప్పుడు వాళ్ళ నాయన వేటకు బయల్దేరుతుంటే, అంట్లు తోముతున్న మస్తానమ్మ తలెత్తకుండా "యాడికి?" అన్నదట. అనగానే నాలిక కరుచుకుని, కూర్చుని నీళ్ళు తాగి పొమ్మన్నది. ఆయన నవ్వి, సముద్రం నిండా నీళ్ళే గదా అని పోయాడు. పడవ ఒడ్డుకొచ్చింది. ఆయన రాలేదు. ఇదంతా పెళ్ళైన కొత్తలో ప్రసాద్ ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మస్తానమ్మ అసలే ఎత్తలేదు.

కొడవలూరు చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. ఓనరు నరేంద్రబాబు కొత్త ఇల్లు వరిచేల మధ్య తెల్లగా మెరిసిపోతోంది. "ప్రసాదూ, ఇంత లేటా? రా రా, ముందు ఆకు ముందు కూర్చో!" అన్నాడు. అప్పుడే తిని వచ్చామంటే ఊరుకునే మనిషి కాదు. ఆయన భార్య ప్రేమలీల పక్కన నిలబడి దగ్గరుండి వడ్డించింది. చిట్టికి పాయసం ఆమే తాగించింది. చాలండీ అని మహాలక్ష్మి అంటూనే ఉంది. తాగిందంతా వాడు కొత్త గచ్చు మీదా, వాళ్ళమ్మ పట్టుచీర మీదా కక్కేశాడు.

గచ్చు కడిగి, పిల్లాణ్ణి కడిగి, చీర కుచ్చిళ్ళు తడిపి పిండుకుని బయటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చెల్లెలి దగ్గర్నుంచి ఫోను. "అక్కా, బయల్దేరినారా? నాయన తొందరపెడతన్నాడు." వస్తున్నాం, వస్తున్నాం అంది.

ఎక్కారు. బండి కదిలింది. మహాలక్ష్మి చిట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. వాడు ఆ చేతి సందులోంచే అన్నాడు, "యాలికీ?"

దిగి వెనక్కి వెళ్తే ప్రేమలీల పొంగిపోయింది. "అయ్యో, మేడ మీద దేవుడి గది చూపించనేలేదు మీకు! అందుకే దేవుడు వెనక్కి పంపినాడు," అంటూ మెట్లెక్కించింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. మహాలక్ష్మి దేవుడికి దణ్ణం పెట్టింది గానీ ఏం కోరుకుందో చెబితే ఆ దేవుడు కూడా చెవులు మూసుకుంటాడు.

మళ్ళీ కారెక్కాక ఆమె ఓపిక కట్ట తెగింది.

"చాలా అత్తా? ఇంకా ఎవరింట్లోనన్నా నీళ్ళు తాగాల్నా? పొద్దుట్నుంచీ ఇదే పని! నా చెల్లెలికి అమ్మ లేదని మీకు తెలవదా? దాని పెళ్ళికీ లేను, ఇప్పుడు ఇదీ పోగొడతన్నారు. ఇన్ని నీళ్ళు తాగినారు గదా మీరు, పోయిన మనిషి తిరిగొచ్చినాడా?"

అనేసింది. అన్నాక తెలిసింది ఏం అన్నదో. ముందు అద్దంలో ప్రసాద్ కళ్ళు ఒక్కసారి ఆమె వైపు చూసి రోడ్డు మీదికి పోయాయి. మస్తానమ్మ కిటికీ వైపు తిరిగి, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఒక మాట అనుకుని సరిపెట్టుకోవచ్చు. క్షమాపణ అడుగుదామంటే మహాలక్ష్మికి ఒంట్లో సత్తువ లేదు. చిట్టి అలిసిపోయి నాయనమ్మ ఒళ్ళో నోరు తెరుచుకుని నిద్రపోయాడు. నెల్లూరు ట్రాఫిక్కులో ఎన్ని హారన్లు మోగినా కదల్లేదు.

వెంకటాచలంలో దుర్గ అత్తవారి వీధి మలుపు తిరగ్గానే మహాలక్ష్మికి అంతా అర్థమైపోయింది. ఇంటి ముందు జీపు. డ్రైవరు పక్కన చిన్నపోలయ్య. వెనక సీట్లో దుర్గ, మెడనిండా పూలు, రెండు చేతులకూ గాజులు. దుర్గ అత్త బిందె పట్టుకుని వాకిట్లో నీళ్ళు చల్లుతోంది. గడప దాటించేశారు.

మహాలక్ష్మి పరిగెత్తింది. చిన్నపోలయ్య మొహం ఇంత చేసుకున్నాడు.

"ఎంతసేపని చూసేది తల్లీ? పొద్దు కుంకతా ఉంది. మీ మేనత్తే తొడిగింది. ఏం చేసేది?"

అదే మేనత్త. పెళ్ళిలో నిలబడిన మేనత్తే. దుర్గ కిటికీలోంచి చెయ్యి చాపింది. "అక్కా..." అన్నది, అంతే, ఏడుపు వచ్చేసింది. ఆ ఏడో నెల పొట్టతో, పూల బరువుతో కిటికీలోంచి వంగలేక వంగుతోంది. దిగమని అనకూడదు. గడప దాటిన గర్భిణిని వెనక్కి పిలవకూడదు. ఆ మాట మహాలక్ష్మికి ఎవరూ చెప్పక్కర్లేదు. గాజుల సంచి గుండెకు అదుముకుని అట్లాగే నిలబడింది.

"పోనీవయ్యా," అన్నాడు చిన్నపోలయ్య జీపు డ్రైవరుతో. జీపు గుర్రుమన్నది.

అప్పుడు వినిపించింది వెనకనుంచి, వీధి వీధంతా వినేటట్టు:

"యాడికే దుర్గా, బయల్దేరినావు?"

అందరూ తిరిగి చూశారు. మస్తానమ్మ. నిద్రపోతున్న చిట్టిని భుజాన వేసుకుని, కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ముందు తేరుకున్నది దుర్గ అత్త.

"ఏం మాటమ్మా అది! పెద్దదానివి, కడుపుతో ఉన్న పిల్లని పట్టుకోని యాడికని అడగొచ్చునా?"

"తప్పే," అన్నది మస్తానమ్మ. "ముసిలిదాన్ని, నోరు జారింది. నన్ను తిట్టుకో అమ్మా, పడతాను. అడిగినాక మాత్రం అట్టే పంపమాకండి. దిగు దుర్గా. లోపలికి రా. కూచోని, గుక్కెడు నీళ్ళు తాగి పో. నవ్వి పోమాక తల్లీ."

ఆ చివరి మాట ఎక్కడిదో మహాలక్ష్మికీ ప్రసాద్‌కీ తప్ప ఎవరికీ తెలియలేదు. చిన్నపోలయ్య వంక పెట్టబోయాడు గానీ సముద్రం మీద బతికినవాడు, ఆ మాటకు ఎదురు పోలేడు. దిగి కూతురికి చెయ్యందించాడు.

దుర్గను హాల్లో కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో నీళ్ళు తెచ్చారు.

"చూస్తా నిలబడినావేం మాలచ్చీ?" అన్నది మస్తానమ్మ. "తియ్యి గాజులు."

"తొలి గాజులు అయిపోయినయ్ గదక్కా," అన్నది మేనత్త.

"అది ఇందాకటి ప్రయాణం. అది చెడింది. ఇప్పుడు కొత్తగా బయల్దేరతా ఉంది గదా? మళ్ళా మొదట్నుంచే లెక్క."

దానికి తిరుగులేదు. మహాలక్ష్మి నేల మీద కూర్చుని కాగితాలు విప్పింది. చేతులు జిగటగా ఉన్నాయి, చీరకింకా పాయసం వాసన వస్తోంది. దుర్గ మణికట్టు పట్టుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఒక ఆకుపచ్చ గాజు, ఒక ఎర్ర గాజు ఎక్కించింది. చిన్నప్పుడు దీనికి గాజులు వేస్తుంటే నొప్పి నొప్పి అని ఊరు లేపేది. ఇప్పుడు నొప్పి లేకుండానే ఏడుస్తోంది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. దుర్గ అత్త మొహం ముడుచుకునే హారతి ఇచ్చింది.

కిటికీలో ఇంకా కాస్త వెలుతురు ఉండగానే దుర్గ రెండోసారి గడప దాటింది. జీపు కదులుతుంటే ఎవరూ ఏమీ అడగలేదు.

మహాలక్ష్మి అత్త కోసం చూసింది. మస్తానమ్మ అప్పటికే కార్లో కూర్చుని ఉంది. చిట్టి ఆమె ఒళ్ళో ఉన్నాడు. వాడి వీపు మీద చెయ్యేసి, జీపు పోయిన వైపే చూస్తోంది. వీధంతా నోటికి చేతులడ్డం పెట్టుకుని ఆమెనే చెప్పుకుంటోంది. మహాలక్ష్మి పక్కన కూర్చుంది. ఇందాక తను అన్న మాట ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. దాన్ని ఎట్లా తీసెయ్యాలో తెలియలేదు.

ప్రసాద్ తాళం తిప్పాడు. ఆ చప్పుడుకు చిట్టి కళ్ళు నులుముకుంటూ లేచాడు.

"యాలికీ?"

ప్రసాద్ బండి ఆపేశాడు. మస్తానమ్మ కోడలి వైపు చూడకుండా, మెల్లగా అన్నది.

"పోనీరా పెసాదూ. ఇంటికేగా. మాలచ్చి అలిసిపోయింది."

మహాలక్ష్మి తలుపు తీసి దిగింది. అటు పక్కకు నడిచి వచ్చి, అత్త వైపు తలుపు తీసి, చిట్టిని చంకనేసుకుని, ఖాళీ చెయ్యి ఆమెకు అందించింది.

"దిగత్తా," అన్నది. "కూచోని, నీళ్ళు తాగి పోదాం."