తెరిచి సీలేసిన మర

మా వీధిలో వాన పడాలంటే ముందు నన్నడిగే పడేది. కప్పు మీది నీళ్లు పట్టుకోవడానికి పెట్టిన రూళ్లన్నీ నాకు నోటికి వచ్చు. అందుకే మున్సిపాలిటీ తనిఖీదారు వచ్చిన రోజు కోడలిని వెనక ఉండమని నేనే ముందుకెళ్లాను.

కోడలు ఇంట్లోనే నూలుకు రంగు వేస్తుంది. మా బోరు నీళ్లు ఒట్టి ఉప్పు. వాటిలో ముంచితే నీలం బూడిదవుతుంది. వాన నీళ్లలోనైతే నిలుస్తుంది. ఆ వారం నీలం నూలు అందకపోతే పని వేరేవాళ్లకిస్తామని దుకాణంవాళ్లు చెప్పేశారు.

"మొదటి వానకు కప్పు మీది దుమ్మంతా దిగుతుంది. దాన్ని డ్రమ్ములోకి రానీకుండా మురుగు కాలవలోకి వదలాలి. ఈ మర తెరిస్తే నీళ్లు కాలవలోకి, మూస్తే డ్రమ్ములోకి. ఇదిగో, ఇలాగ," అని గొట్టం మర తిప్పి తెరిచి చూపించాను.

తనిఖీదారు తలూపాడు. "బాగా కట్టారు తాతగారూ. అనుమతి వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు." తీగ చుట్టి మరకు సీలేశాడు.

"మూసి వెయ్యి నాయనా, తెరిచి ఉంది."

"ఎలా ఉన్నది అలాగే వెయ్యాలండీ. మీకు తెలియని రూలా?"

మర్నాడు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. నన్నడిగి పడే వాన కదా, ఆగమన్నాను. అది నా మాట ఎన్నడు విన్నది గనక. కుండపోతగా కురిసి, నీళ్లన్నీ నేరుగా కాలవలోకి పోయాయి. కోడలు చూరు కింద బిందె పెట్టింది. చూరు పొడుగునా రేకుదోనె కట్టింది నేనే. ఒక్క చుక్క బయటికి కారదు.

"సీలు తెంపేద్దామా మామయ్యా?"

"తెంపితే డ్రమ్మే పట్టుకుపోతారమ్మా. ఇక ఏ వానా మనది కాదు."

అంతలో తడుస్తూ వచ్చిన తనిఖీదారు మా చూరు కిందే నిలబడ్డాడు.

"అన్నా, మీరే తెంపి మూసెయ్యండి," అంది కోడలు.

"నా చేతుల్లో ఏముందమ్మా," అని అతను తన చేతులు చూసుకున్నాడు.

వాన వెలిశాక ఆమె బోరు నీళ్లలోనే నూలు ముంచింది. నీలం బూడిదై లేచింది. తీగ మీద ఆరేస్తూ, "మీకన్నీ తెలుసు మామయ్యా," అంది. తిట్టినా బాగుండేది.

ఒక్కటి మాత్రం కల్పించాను. చూరు కింద తనిఖీదారు లేడు. ఎవరినో ఒకరిని అడిగినట్టయినా ఉంటుందని నేనే తెచ్చి నిలబెట్టాను. ఆ మధ్యాహ్నం అడగడానికి మాకెవరూ లేరు.