నేలపైన అంటే ఎక్కడ?

హలో, అందరికీ నమస్కారం! వినిపిస్తోందా? ఇది మా తాష్కెంట్‌లో, మా మహల్లాలో, అంటే మా పేటలో జరిగిన సంగతి. అప్పటికి మా ఊళ్ళో ఆ పెద్ద పెద్ద స్తంభాలు ఇంకా లేవలేదు.

హమ్దమ్‌ది రొట్టెల కొట్టు. వాళ్ళ నాన్న మట్టితో కట్టిన తందూరు రోడ్డు అంచునే ఉంటుంది. ఆ రోడ్డు వెంట కొత్త రైలు వస్తుందనీ, ఏ రకం కావాలో మహల్లా వాళ్ళే చేతులెత్తి చెప్పాలనీ కబురొచ్చింది. హమ్దమ్‌కి ఒకటే బెంగ. తందూరు ఉంటుందా, పోతుందా?

టీకొట్టులో మీటింగు పెట్టారు. జుల్‌హుమార్ అనే ఇంజనీరమ్మ వచ్చి, బల్ల మీద టీ గిన్నెలు పేర్చింది.

“ట్రాముకి ఒక గిన్నె ఖర్చనుకోండి. యెర్ ఉస్తి మెట్రోకి మూడు. భూమి లోపల మెట్రోకి పది. ట్రాములో జనం తక్కువ పడతారు, సిగ్నల్ దగ్గర ఆగాలి. మెట్రోలో ఎక్కువ మంది పడతారు, ఆగక్కర్లేదు.”

యెర్ ఉస్తి అంటే మా భాషలో నేలపైన అని. హమ్దమ్ బుర్ర గోక్కున్నాడు. ట్రామూ నేలపైనే కదా, మరి గిన్నెలు వేరెందుకు? పక్కనున్న మంగలి తుర్సున్‌కుల్‌ని గిల్లాడు.

“ఒరేయ్, ఆ రెండిటికీ తేడా ఏంట్రా?”

“ట్రాము పొట్టిది, అది పొడుగుది,” అన్నాడు తుర్సున్‌కుల్ ధీమాగా.

పొట్టిదైనా పొడుగుదైనా నేలమీద వస్తే తందూరు పోయినట్టే! హమ్దమ్ లేచి నిలబడ్డాడు.

“భూమి లోపలే వెయ్యండి! పైన ఏదీ ముట్టుకోవద్దు! పది గిన్నెలైతే కానీయండి!”

రోజూ అతని రొట్టె తినే జనం. అందరూ సరేనని చేతులెత్తారు. మహల్లా పెద్దాయన కాగితం మీద రాసేసుకున్నాడు. అప్పుడు జుల్‌హుమార్ మ్యాపు పరిచింది. ఎర్ర గీత సరిగ్గా తందూరు మీంచే పోయింది.

“ఇదేంటమ్మా? లోపల కదా పోయేది!”

“ఇక్కడ పైనుంచే తవ్వాలి అకా. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.” అకా అంటే మా భాషలో అన్న.

“మరి నేలపైనది?”

ఆవిడ రెండు గిన్నెలు బోర్లించి, వాటి మీద స్కేలు పెట్టి, దానిమీద చక్కెర ముక్క జరిపింది. “ఇలా, రోడ్డు మధ్యలో స్తంభాల మీద.”

“నేలపైన అంటే నేల మీద కాదా!”

“నేలకి పైన, అకా.”

హమ్దమ్ చెవులు ఎర్రబడ్డాయి. “అన్నలూ, చేతులు మళ్ళీ ఎత్తాలి. నాకు తప్పుగా అర్థమైంది.”

“పాపమని రొట్టెని ఒక్కనాడూ బోర్లా పెట్టనివాడివి, మమ్మల్నందర్నీ బోర్లా పడేశావు కదయ్యా!” అన్నాడు తుర్సున్‌కుల్.

“నువ్వు చెప్పిందే కదరా, పొట్టి, పొడుగు అని!”

టీకొట్టంతా నవ్వింది. పెద్దాయన కాగితం మీద రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు. ఈసారి యెర్ ఉస్తి. తందూరు మిగిలింది.

మర్నాడు హమ్దమ్ తందూరు రాజేసి, పొగ వెంట తల ఎత్తి చూస్తూ నిలబడిపోయాడు. ఈ పొగంతా రైలెక్కిన వాళ్ళ ముక్కుల్లోకి పోతుందా? నెగ్గాడా, ఓడాడా? ఏమీ తేలలేదు.

“ఎటు చూస్తున్నావు అకా?” అంది రొట్టెకొచ్చిన ఆవిడ.

“నేలపైన,” అన్నాడు హమ్దమ్.

ఆవిడ తన కాళ్ళ కిందకి చూసుకుంది.

మీ పేటలో కూడా రైలు మీటింగు పెడుతుంటే, చెయ్యి ఎత్తేముందే మీవాళ్ళకి ఈ కథ పంపించండి, పుణ్యముంటుంది.