సరిత పేరు మీద కప్పు

సరిత పేరు మీద ఇచ్చే కప్పును లస్మయ్య అప్పటికి రెండుసార్లు తన చేత్తోనే ఇచ్చాడు. మూడోసారి ఇవ్వడానికి భార్య రాజవ్వను బండి మీద ఎక్కించుకుని అంకిస నుంచి సిరోంచ వచ్చాడు.

అక్కడ ప్రాణహిత నది ఒడ్డున పిల్లలకు తెరచాప పడవలు నడపడం నేర్పే సంస్థ ఒకటి ఉంది. చేపలు పట్టే లస్మయ్యను గాలి పోకడ, నీటి లోతు చెప్పడానికి అందులో పెట్టుకున్నారు. అతని కూతురు సరిత అక్కడే నేర్చుకుంది. మూడేళ్ల కిందట, దానికి పద్నాలుగేళ్లప్పుడు, పోటీ మధ్యలో గాలి ఒక్కసారిగా మళ్లింది. తెరచాప కర్ర తలకు తగిలి సరిత నీళ్లలో పడిపోయింది. ఒంటి మీద లైఫ్ జాకెట్ లేదు. ఎంత ఈత వస్తే మాత్రం, స్పృహ లేని పిల్ల ఏం ఈదుతుంది?

సంస్థ నడిపే గోపాల్‌రావు మరుసటి ఏడే, పోటీలో గెలిచినవాళ్లకు ఆమె పేరున ధైర్య పురస్కారం పెట్టాడు. ఏటా మైకులో అదే కథ చెప్పేవాడు: జాకెట్లు చాలకపోతే సరిత తనది విప్పి ఓ చిన్నపిల్లకు తొడిగిందని, భయపడకుండా నదిలోకి వెళ్లిందని. అది వింటూ రాజవ్వ ఏడ్చేది. ఏడుస్తూనే తల ఎత్తుకుని కూర్చునేది.

నిజం లస్మయ్యకు తెలుసు. జాకెట్ విప్పింది అతనే. "నా బిడ్డ చేప లెక్క ఈదుతది సార్, దీన్ది గా చిన్నపోరికియ్యుండ్రి" అన్నాడు ఆ రోజు. "వద్దు బాపూ, గాలి మంచిగ లేదు" అంది సరిత. నలుగురి ముందు అన్న మాట పోతుందని అతనే పట్టీలు లాగి విప్పేశాడు.

ఈ ఏడు పోటీలో తమ ఊరి యాదక్క కూతురు ఆశ మొదట వచ్చింది. పడవ ఒడ్డుకు చేర్చి దిగిన పిల్లను చూసి లస్మయ్య ఉలిక్కిపడ్డాడు.

"జాకెట్ ఏది బిడ్డా?"

"ఏస్కోలే మామా. సరితక్క ఏస్కున్నదా? ఏస్కుంటే ధైర్యం కప్పు ఎట్లిస్తరు?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. ఇంకో ముగ్గురు పిల్లలకూ జాకెట్లు లేవు. వెళ్లి చెబితే గోపాల్‌రావు నవ్వాడు. "పిల్లలు జోష్‌ల ఉన్నరు లస్మన్నా. ఏం కాదు."

వేదిక మీద కప్పు తన చేతికి వచ్చాక లస్మయ్య దాన్ని ఆశకు అందించలేదు. మైకు తీసుకున్నాడు.

"సరిత జాకెట్ ఎవ్వలకియ్యలే. నేనే ఇప్పిన. అది భయపడ్డది. వద్దన్నది. నేనే ఇనలే. మీ పిల్లలు భయపడితే ఇనుండ్రి."

గోపాల్‌రావు మెల్లగా మైకు అందుకున్నాడు. "బిడ్డ పోయిన తండ్రి. తప్పంత తన మీద ఏసుకుంటుండు" అన్నాడు. జనం కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టారు.

యాదక్క దగ్గరికి వచ్చింది. "అన్నా, గీ దినం నా పోరిది. ఇయ్యి జర."

ఆశ కప్పు వైపే చూస్తోంది. లస్మయ్య కప్పు ఇచ్చేశాడు. ఫోటో తీశారు.

ఇంటికి వచ్చాక రాజవ్వ గడప దగ్గర ఆగి అడిగింది.

"నిజంగ వద్దన్నదా?"

"అన్నది."

"ఏమన్నది?"

"గాలి మంచిగ లేదన్నది."

రాజవ్వ అక్కడే కూర్చుండిపోయింది. "నా బిడ్డ మంచి పని చేసి పోయిందనుకొని గిన్ని దినాలు బతికిన. ఇగ ఏమనుకొని బతకాలె?"

వారం గడిచాక ఆమె పాతగూడెంలోని అన్న ఇంటికి వెళ్లిపోయింది. లస్మయ్య రెండుసార్లు వెళ్లి పిలిచాడు. అన్నం పెట్టింది, నీళ్లిచ్చింది. రాలేదు.

మరుసటి ఏడు పోటీకి అతన్ని పిలవలేదు. పనిలోంచి అప్పటికే తీసేశారు. తనంతట తానే వెళ్లి, జాకెట్లు చేతుల్లోకి తీసుకుని పిల్లలను ఒక్కొక్కరినీ బతిమాలాడు. చిన్నవాళ్లు ఇద్దరు తొడుక్కున్నారు. పెద్దవాళ్లు సిగ్గుపడి తప్పుకున్నారు. సంస్థలో పనిచేసే ప్రకాష్ వచ్చి భుజం పట్టుకున్నాడు.

"నడువ్ లస్మన్నా. పిల్లలు పరేషాన్ అయితుండ్రు."

పడవలు కదిలాయి. ముందున్న దాంట్లో ఆశ ఉంది, జాకెట్ లేకుండానే. నది మధ్యకు చేరేసరికి గాలి కాస్త పెరిగింది. లస్మయ్య తెరచాపల మీంచి చూపు తిప్పలేదు. ఏమీ కాలేదు. తొమ్మిది పడవలూ ఒకదాని వెనక ఒకటి ఒడ్డుకు చేరాయి. తల్లులు నవ్వుతూ ఎదురెళ్లి పిల్లల తలలు తుడిచారు.

వాళ్లు క్షేమంగా వచ్చినందుకు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక తన మాట ఎవరూ వినరని కూడా అప్పుడే తెలిసిపోయింది.